పొద్దుగూకాక పొయ్యి మీద: చలికాలానికి జపాన్ చిరుతిళ్లు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే కోరికతో వచ్చాయి. చలి ముదిరింది, సాయంత్రం వేడివేడిగా తినడానికి జపాన్ వాళ్ల తినుబండారాలు చెప్పండని కొందరు, చేసి చూస్తే చెడిపోయాయని ఇంకొందరు రాశారు. చెడిపోయినవాటికే ముందు జవాబులు.

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు: అగెదాషి టోఫు (సోయాపాలతో చేసిన టోఫును వేయించి రసంలో పెట్టేది) చేశాను. సగం ముక్కలు మూకుట్లోనే విరిగాయి. మిగిలినవాటి పైపొర రసంలో జారిపోయింది. టోఫు బదులు పనీర్ వాడితే నయమా?

పనీర్ వద్దు. వేగాక అది గట్టిపడి నమలాల్సి వస్తుంది. అగెదాషి అంటే పైన పలుచటి పొర, లోపల చెంచాకు తెగే మెత్తదనం.

మీ రెండు ఇబ్బందులకూ కారణం తడే. ప్యాకెట్ టోఫు నీళ్లలో ఉంటుంది. 300 గ్రాముల దిమ్మను పొడి నూలుబట్టలో చుట్టి, పైన ఒక చిన్న పళ్లెం పెట్టి 20 నిమిషాలు వదిలేయండి. అంతకు మించి బరువు పెడితే పగులుతుంది. సిల్కెన్ రకం చేయి తిరిగేదాకా నిలవదు, మొదట సాఫ్ట్ లేదా మీడియం కొనండి. దిమ్మను 8 ముక్కలు చేసి మళ్లీ ఒకసారి తుడవండి.

ఇక పిండి. 4 పెద్ద చెంచాల ఆలుగడ్డ స్టార్చ్ పళ్లెంలో పోసుకుని, ముక్కకు అద్దగానే నూనెలో వేయాలి. చాలామంది ఎనిమిదింటికీ ముందే అద్ది వరసగా పేర్చుకుంటారు. ఈలోగా లోపలి తడి పైకొచ్చి స్టార్చ్ జిగురవుతుంది, ముక్క పళ్లేనికి అంటుకుంటుంది, తీయబోతే విరుగుతుంది. నూనె 170 నుంచి 175 డిగ్రీల వేడిలో ఉండాలి. థర్మామీటర్ లేకపోతే పొడి చెక్కపుల్ల ముంచి చూడండి, చుట్టూ సన్నటి బుడగలు ఆగకుండా రావాలి. ఒక వాయికి నాలుగు ముక్కలు చాలు. మొదటి నిమిషం గరిటె పెట్టకండి. మొత్తం 3-4 నిమిషాలు వేగితే సరి, ఎర్రబడనక్కర్లేదు.

రసానికి దాషి (సముద్రపు నాచు, ఎండుచేపలతో కాచే తేట నీళ్లు) 200 మి.లీ., జపాన్ సోయా సాస్ 50 మి.లీ., మిరిన్ (బియ్యంతో చేసే తీపి వంటమద్యం) 50 మి.లీ. కలిపి ఒక పొంగు రానివ్వండి. నాలుగు, ఒకటి, ఒకటి అన్న ఈ కొలత గుర్తుంటే చాలు. గిన్నెలో ముక్కలు పెట్టి, రసాన్ని పక్క నుంచి సగం ఎత్తు వరకే పోయాలి. పైన తురిమి పిండిన ముల్లంగి, అల్లం, ఉల్లికాడలు వేయాలి. ఐదు నిమిషాలు దాటితే పొర ఎలాగూ ఊడుతుంది, కాబట్టి తినేవాళ్లు కూర్చున్నాకే నూనె పెట్టండి.

ఆలుగడ్డ స్టార్చ్ టోఫు తడిని పీల్చుకుని ఉబ్బుతుంది, రసం తగిలితే నున్నటి జిగటపొరగా మారుతుంది. తెల్లటి కార్న్‌ఫ్లోర్‌తోనూ చేయొచ్చు గానీ పొర పెళుసుగా వస్తుంది. పచ్చటి మక్కపిండి మాత్రం పనికిరాదు. దుకాణంలో రెండింటినీ కార్న్‌ఫ్లోర్ అనే ఇస్తుంటారు, రంగు చూసి కొనండి.

కాజీపేట నుంచి ఒక పాఠకుడు: మేం శాకాహారులం. దాషిలో చేప ఉంటుందట, మిరిన్‌లో మద్యం ఉంటుందట. ఈ రెండూ లేకుండా కుదరదా?

కుదురుతుంది. జపాన్ బౌద్ధ మఠాల వంటలో చేప లేని దాషే వాడతారు. కొంబు అనే ఎండు సముద్రపు నాచు 10 గ్రాములు లీటరు నీళ్లలో కనీసం అరగంట, వీలైతే రాత్రంతా నానబెట్టండి. దాని మీద తెల్లటి పొడి కనిపిస్తుంది, అది బూజు కాదు, రుచి అందులో కూడా ఉంది. కడగకుండా తడిగుడ్డతో మట్టి మాత్రం తుడవండి. తర్వాత సన్న మంట మీద పెట్టి, గిన్నె అంచున చిన్న బుడగలు మొదలవగానే కొంబు తీసేయాలి. మరిగితే నీళ్లు జిగురెక్కి చేదు తగులుతాయి. విడిగా నాలుగు ఎండు షిటాకే పుట్టగొడుగుల్ని అర లీటరు చల్లటి నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఆ నీళ్లు వడగట్టి ఇందులో కలపండి.

1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా గ్లుటామేట్‌ను, అంటే దాషికి కమ్మటి రుచినిచ్చే పదార్థాన్ని, వేరుచేసింది కొంబు నుంచే. ఎండు పుట్టగొడుగులోని గ్వానిలేట్ అనే మరో రుచి పదార్థం తోడైతే ఆ రుచి ఎన్నో రెట్లు తెలుస్తుంది. అందుకే ఏ ఒక్కదానితో కంటే రెండూ కలిపిన నీళ్లే బాగుంటాయి. దుకాణాల్లో దొరికే దాషి పొడుల్లో చాలావరకు చేప సారం ఉంటుంది, ప్యాకెట్ వెనక చదవండి. కొంబులో అయోడిన్ చాలా ఎక్కువ. థైరాయిడ్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగి తినడం మంచిది.

అసలైన మిరిన్‌లో 14 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది, కాచినా పూర్తిగా పోదు. 50 మి.లీ. మిరిన్ బదులు 50 మి.లీ. నీళ్లలో 3 చిన్న చెంచాల చక్కెర కరిగించి పోయండి. మెరుపు కొంచెం తగ్గుతుంది, రుచికి లోటు ఉండదు. డబ్బు పెట్టాలంటే మిరిన్ మీద కాదు, కొంబు మీద, మంచి సోయా సాస్ మీద పెట్టండి. సీసా మీద సోయా, గోధుమ, ఉప్పు, నీళ్లు అని ఉండాలి. ఫ్రైడ్ రైస్ బండ్ల మీద వాడే చిక్కటి నల్ల సాస్ వేస్తే దాషి రుచి మిగలదు.

కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు: చవాన్‌ముషి (గుడ్డు, దాషి కలిపి కప్పుల్లో ఆవిరి మీద ఉడికించేది) ఇడ్లీ పాత్రలో పెట్టాను. లోపలంతా రంధ్రాలు, అడుగున నీళ్లు.

మంట ఎక్కువైంది. దాషి కలిపిన గుడ్డు 80 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఆవిరి పూర్తి వేడి మీద తగిలితే లోపలి నీరు బుడగలై రంధ్రాలు పడతాయి, బిగుసుకున్న గుడ్డు నీళ్లు వదులుతుంది.

గుడ్డుకు మూడు రెట్లు దాషి. 2 గుడ్లు సుమారు 100 మి.లీ., వాటికి చల్లారిన దాషి 300 మి.లీ., సోయా సాస్ ఒక చిన్న చెంచా, ఉప్పు పావు చెంచా. నురగ రాకుండా కలిపి తప్పకుండా వడగట్టండి. చికెన్ ముక్కలు వేస్తే ముందే ఉడికించి వేయాలి, పచ్చివి నీరు వదులుతాయి. స్టీలు గ్లాసు అంచులు తొందరగా వేడెక్కుతాయి, పింగాణీ కప్పులు మేలు. కప్పుల మీద ఫాయిల్ కప్పండి, లేకపోతే మూత నుంచి చుక్కలు పడి పైభాగం గుంటలవుతుంది. నీళ్లు మరిగాక కప్పులు పెట్టి 2 నిమిషాలు పెద్ద మంట, పైన తెల్లబడగానే అతి సన్న మంట. మూత కింద ఒక చెంచా అడ్డం పెట్టి సందు ఉంచండి. మరో 10-12 నిమిషాలకు పుల్ల గుచ్చితే తేటనీరు ఊరాలి, పసుపుపచ్చ నీరు ఊరితే ఇంకా 2 నిమిషాలు.

మంచిర్యాల నుంచి ఒక పాఠకుడు: టెంపురా (కూరగాయలు, రొయ్యలు పలుచటి మైదా పిండిలో ముంచి వేయించేది) కరకరలాడకుండా మిర్చి బజ్జీలా మెత్తబడుతోంది. వంటసోడా వేయాలా?

సోడా వేస్తే నూనె పీల్చుకుంటుంది. బజ్జీ పిండిని ఎంత గిలకొడితే అంత మంచిది, టెంపురా పిండిని ఎంత తక్కువ కలిపితే అంత మంచిది. మైదాలోని గ్లూటెన్ కలిపేకొద్దీ సాగుతుంది, పొర మందమై లోపలి ఆవిరి బయటికి పోదు. ఒక గుడ్డు, ఐసు నీళ్లు కలిపి 200 మి.లీ. అయ్యేలా చూసుకోండి. అందులో 100 గ్రాముల మైదా ఒక్కసారిగా పోసి పుల్లలతో పదిహేనుసార్లు తిప్పి ఆపేయండి. ఉండలుంటే ఉండనివ్వండి. పిండి కలపాల్సింది నూనె కాగాకే. అర సెంటీమీటరు మందం మోరంగడ్డ చక్రాలకు 160 డిగ్రీలు, 3-4 నిమిషాలు. రొయ్యలకు 180 డిగ్రీలు, 2 నిమిషాలు. తీసినవాటిని జాలీ మీద ఆరనివ్వాలి. హాట్‌బాక్స్‌లో మూత పెడితే పడ్డ శ్రమంతా వృథా.

నిర్మల్ నుంచి ఒక రైతు: మా దగ్గర సోయా పంట ఉంది. ఎడమామె అంటే ఇదేనా?

అదే మొక్క, పచ్చికాయ దశలో కోసినది. జపాన్‌లో కూరకు వేరే రకాలు పెంచుతారు, నూనె రకాల్లో తీపి తక్కువ. మన వానాకాలం పంటలో కాయ నిండి ఇంకా పచ్చగా ఉండేది ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో. మందు కొట్టిన చేనైతే డబ్బా మీద రాసిన గడువు దాటాకే తెంపండి. కాయ రెండు కొసలూ కత్తిరించి, లీటరు నీళ్లకు 40 గ్రాముల ఉప్పు వేసి గింజ మెత్తబడేదాకా, 5 నుంచి 8 నిమిషాలు ఉడికించాలి. పచ్చి సోయా తినకూడదు, అరుగుదలను అడ్డుకునే పదార్థాలు ఉడికితేనే పోతాయి. వార్చాక చన్నీళ్లు పోయకండి, చప్పబడతాయి.

డిసెంబర్‌లో అడిగారు కాబట్టి ఒక మాట: జపాన్‌లోనూ ఇది ఎండాకాలపు తిండి, చలికాలంలో తినేది ఫ్రీజర్‌ది. ఇప్పుడు అంగట్లో అనపకాయలు ఉన్నాయి. అదే ఉప్పునీళ్లలో గింజ వేళ్ల మధ్య నలిగేదాకా ఉడకబెట్టుకోండి. ఫ్రీజర్ ప్యాకెట్ కంటే మా ఓటు దానికే.

వరంగల్ నుంచి ఒక పాఠకురాలు: కరాగె చికెన్ (సోయా సాస్‌లో నానబెట్టి, స్టార్చ్ అద్ది వేయించే ముక్కలు) బయట నల్లగా, లోపల పచ్చిగా ఉంటోంది.

ఒకేసారి పెద్ద వేడిలో వేయిస్తున్నట్టున్నారు. సోయా సాస్, అల్లం రసం పట్టిన మాంసం త్వరగా నల్లబడుతుంది. ఎముకలేని తొడమాంసం 300 గ్రాములు, 3 సెంటీమీటర్ల ముక్కలు. సోయా 2 పెద్ద చెంచాలు, అల్లం, వెల్లుల్లి ఒక్కో చిన్న చెంచా, అరగంట చాలు. ఎక్కువసేపు నానితే ఉప్పెక్కుతుంది. రసం ఒత్తి వార్చి, ఆలుగడ్డ స్టార్చ్ అద్ది 160 డిగ్రీల్లో 3 నిమిషాలు వేయించి తీయండి. జాలీ మీద 4 నిమిషాలు ఉంచితే ఉన్న వేడికే లోపలిదాకా ఉడుకుతుంది. మళ్లీ 190 డిగ్రీల్లో ఒక్క నిమిషం వేయిస్తే రంగు, కరకర రెండూ వస్తాయి. పెద్ద ముక్కను చీల్చి చూడండి, గులాబి రంగు కనిపిస్తే ఇంకో నిమిషం. నిమ్మచెక్కతో పెట్టండి, మసాలా చల్లకండి.