కమిట్ చేసిన కోడ్ పోయిందంటే నమ్మకండి

ప్రశ్న: మా టీమ్‌లో నలుగురం, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ వాడతాం. మొన్న ఒకతను మెయిన్ బ్రాంచ్ (అందరి కోడ్ కలిసే ప్రధాన వరుస) మీద ఫోర్స్ పుష్ (సర్వర్‌లో ఉన్నదాన్ని తోసేసి తనది పెట్టడం) కొట్టేశాడు, నా రెండు రోజుల కోడ్ సర్వర్‌లో కనబడట్లేదు. కంగారులో పుల్ చేస్తే (సర్వర్‌లోది తెచ్చి కలిపితే) కాన్‌ఫ్లిక్ట్‌లు, అంటే ఒకదానితో ఒకటి పొసగని మార్పులు వచ్చాయి, ఏం చేయాలో తోచక హార్డ్ రీసెట్ కొట్టేశా, ఇప్పుడు నా మెషీన్‌లో కూడా లేదు. మొదట్నుంచి రాసుకోవాల్సిందేనా అండి?

జవాబు: అయ్యో, ఒక్క లైను కూడా మళ్లీ రాయకండి! కమిట్ చేశారుగా, అంటే మార్పుల్ని గిట్‌లో భద్రపరిచారుగా, అదే మిమ్మల్ని కాపాడింది. హార్డ్ రీసెట్ కొడితే బ్రాంచ్ పేరు వేరే కమిట్ మీదకి జరుగుతుంది అంతే, పాతది లోపల అలాగే పడుంటుంది. టెర్మినల్ తెరిచి గిట్ రెఫ్‌లాగ్ అని కొట్టండి. మీ హెడ్, అంటే మీరు ఏ కమిట్ మీద ఉన్నారో చూపే గుర్తు, ఎక్కడెక్కడ తిరిగిందో మొత్తం వస్తుంది, కొత్తవి పైన ఉంటాయి, ఒక్కో లైను మొదట్లో చిన్న హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు కోడ్) ఉంటుంది, రీసెట్ అని ఉన్న లైను దగ్గర్నుంచి కిందకి చూసుకుంటూ పోతే మీరు రాసుకున్న కమిట్ మెసేజ్ దొరుకుతుంది. ఆ హ్యాష్ కాపీ చేసుకుని, గిట్ బ్రాంచ్ అని కొట్టి పక్కన ఒక కొత్త పేరు, దాని పక్కన ఆ హ్యాష్ పెట్టండి. మీ పనంతా ఆ బ్రాంచ్‌లో ఉంటుంది.

ఇలా ఏ బ్రాంచ్‌కీ అందకుండా మిగిలిన ఎంట్రీల్ని గిట్ మామూలుగా 30 రోజులే ఉంచుతుంది కాబట్టి ఈరోజే చేయండి. ఫోల్డర్ తీసేసి సర్వర్ నుంచి కొత్తగా క్లోన్ (కాపీ) చేసుకోవడం మాత్రం అస్సలు వద్దు, మీ రెఫ్‌లాగ్ మీ మెషీన్‌లోనే ఉంటుంది, క్లోన్‌తో రాదు. కమిట్ చేయని మార్పులు హార్డ్ రీసెట్‌లో పోతే రెఫ్‌లాగ్ కూడా ఏమీ చేయలేదు, అందుకే రోజుకి నాలుగైదు సార్లైనా కమిట్ చేయమని కనబడిన ప్రతివాళ్లకీ చెప్తుంటా.

ఆ అబ్బాయిని ఏమీ అనకండి, మెయిన్ మీద ఫోర్స్ పుష్ అసలు పడిందంటే తలుపు తీసి పెట్టినట్టే, దాన్ని అడ్డుకునే బ్రాంచ్ ప్రొటెక్షన్ ఆన్ చేయించండి. సొంత బ్రాంచ్‌లో తప్పనిసరైతే ఫోర్స్ విత్ లీజ్ వాడండి, మీరు ఫెచ్ చేశాక (సర్వర్‌లోని తాజా సమాచారం తెచ్చుకున్నాక) వేరేవాళ్లు ఏదైనా పుష్ చేసుంటే అది ఆపేస్తుంది. ఎడిటర్ వెనకాల తనంతట తనే ఫెచ్ చేస్తుంటే మాత్రం ఆ కాపలా పనిచేయదు, ఆ సెట్టింగ్ చూసుకోండి.

ప్రశ్న: పొరపాటున డేటాబేస్ పాస్‌వర్డ్ కమిట్ చేసి పుష్ చేశా. తర్వాతి కమిట్‌లో తీసేశా, చాలా?

జవాబు: చాలదండీ. పాత కమిట్‌లో అలాగే ఉంది, క్లోన్ చేసిన ఎవరైనా చదవగలరు. ముందు పాస్‌వర్డ్ మార్చేయండి, హిస్టరీ శుభ్రం చేయడం ఆ తర్వాత.