ఒకే గేదె, ఒకే విత్తనం... రెండో దూడకే పారుడు ఎందుకు?

సందేహం: మా ముర్రా గేదె తొలి ఈత డిసెంబరులో ఈనింది, దూడ బాగుంది. రెండో ఈత ఈ జూన్‌లో. దూడ రాత్రి పదింటికి పుట్టింది. మాయ పడేసరికి తెల్లారింది, అప్పుడు జున్నుపాలు తాగించాం. నాలుగో రోజు తెల్లగా పారుడు మొదలై ఆరో రోజుకు చనిపోయింది. రెండుసార్లూ ఒకే దున్న సూదే వేయించాం. ఇది వంశంలో లోపమా? యూట్యూబ్‌లో ‘ఎపిజెనెటిక్స్’ అంటున్నారు, అదేంటి? గేదెను అమ్మేయమంటారా?
– పల్నాడు జిల్లా రైతు

సలహా: గేదెను అమ్మకండి. అదే తల్లి, అదే దున్న, తొలి దూడ నిక్షేపంగా ఉంది. వంశాన్ని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ కనపడటం లేదు.

మీ పొలంలో పైపులైన్ ఒకటే అయినా, ఏ మడి గేటువాల్వు తిప్పితే ఆ మడికే నీళ్లు కదా. జన్యువులు పైపులైన్ లాంటివి. వాటి మీద అతుక్కునే మిథైల్ అనే రసాయన గుర్తులు వాల్వుల పని చేస్తాయి. పైపు మారదు, పారకం మారుతుంది. ఎపిజెనెటిక్స్ అంటే ఇదే. దూడ పేగు కడుపులోనే తయారవుతుంది కాబట్టి తల్లి పడ్డ ఎండ, తిన్న మేత దాన్నీ తాకుతాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో చూడి ఆవులను చివరి వారాల్లో కొన్నిటిని ఫ్యాన్లు, నీటి తుంపర్ల కింద, కొన్నిటిని ఉత్త నీడలో ఉంచారు. ఎండదెబ్బ తిన్న తల్లుల దూడలు తక్కువ బరువుతో పుట్టాయి. జున్నుపాలలోని రక్షణ పదార్థాలను వాటి పేగు తక్కువగా పీల్చుకుంది. వాటి కాలేయంలో మిథైల్ గుర్తుల తేడాలూ కనిపించాయి. ఆ గుర్తులే పారుడు తెచ్చాయని మాత్రం రుజువు కాలేదు. పారుడు తెచ్చేది క్రిమే, మొదటి వారంలో ఎక్కువగా ఈ.కోలై.

మీ గేదె చివరి రెండు నెలలు ఏప్రిల్, మే. నల్లతోలు, చెమట గ్రంథులు తక్కువ. రోహిణి కార్తెలో దాని అవస్థ మీకు తెలిసిందే.

కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఇంకో వాక్యం: మాయ పడేదాకా ఆగారు! ఎపిజెనెటిక్స్ కంటే ముందు ఇది సరిచేయాలి. దూడకు రోగనిరోధక శక్తి మాయ ద్వారా రాదు, జున్నుపాలతోనే రావాలి. పేగు ఆ పదార్థాలను పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గి, 24 గంటలకు దాదాపు మూసుకుపోతుంది. ఎండకు దెబ్బతిన్న పేగుకు ఆలస్యం తోడైతే ఇక చెప్పేదేముంది. పాలు తాగితే మాయ ఆగిపోతుందనేది అపోహ. దూడ చీకితే తల్లిలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై మాయ పడటానికి సాయమే అవుతుంది.

ఈసారి గంటలోపే తాగించండి. 30 కిలోల దూడకు మొదటి రోజు మొత్తం మూడు లీటర్లు, అందులో సగం మొదటి పూటే. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయండి. పదో రోజు దాటాక డాక్టరును అడిగి నట్టల మందు తాగించండి.

తల్లికి ఈనడానికి రెండు నెలల ముందే పాలు ఆపేయండి. మధ్యాహ్నం నీళ్లు చల్లండి, చెరువుంటే దించండి. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టండి. అందులోని కోబాల్టుతో గేదె పొట్టలోని సూక్ష్మజీవులు బి12 తయారుచేస్తాయి, మిథైల్ గుర్తులకు కావలసిన సరుకుల్లో అదొకటి.

చూడి కాలం సుమారు 310 రోజులు. ఆగస్టులో సూది వేయిస్తే మళ్లీ జూన్ ఈతే. అక్టోబరు చివరిదాకా ఆగితే సెప్టెంబరులో ఈనుతుంది. గేదెలు ఎలాగూ చలి మొదలయ్యాకే బాగా ఎదకొస్తాయి.