సగం నగరంలో, సగం నిమ్మలకుంటలో: ఉద్యోగం ఎప్పుడు మానాలి?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లోని ఒక కళా సంస్థలో నాలుగున్నరేళ్లుగా కార్యక్రమాల నిర్వహణ చూస్తున్నాను. నెలకు రూ.42,000 చేతికొస్తుంది. గది అద్దె రూ.12,000, ధర్మవరంలోని అమ్మానాన్నలకు పంపే రూ.8,000 కలుపుకొని ఖర్చు రూ.30,000. ఫిక్స్‌డ్ డిపాజిట్లు రూ.3.60 లక్షలు. నెలకు పది రోజుల పనికి ఇక్కడే మరో సంస్థ రూ.20,000 ఇస్తానంటోంది. మిగతా రోజుల్లో అమ్మానాన్నల దగ్గర ఉంటూ, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మ కళాకారులకు ప్రదర్శనలు, శిక్షణ తరగతులు ఏర్పాటు చేయాలని ఉంది. ఇప్పుడే రాజీనామా చేయవచ్చా?

జవాబు: మీరు తలపెట్టిన పని ఎంతో అవసరమైనది. 2020లో తోలుబొమ్మ కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చిన ఊరు అది. అక్కడ నైపుణ్యానికి లోటు లేదు, ప్రదర్శనలు కుదిర్చి, లెక్కలు రాసి, డబ్బు సకాలంలో అందేలా చూసే మనిషి కావాలి. అయినా ఎనిమిది నెలలు ఆగమనే నా సలహా.

సొంతూరికి వెళితే ఖర్చు బాగా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మీ విషయంలో రూ.12,000 అద్దె పోయినా, హైదరాబాద్‌లో ఉండే రోజుల కోసం హాస్టల్‌కు రూ.7,000, రైలు, బస్సు ఛార్జీలకు రూ.3,000, ఇప్పటిదాకా సంస్థ కల్పించిన ఆరోగ్య బీమా స్థానంలో సొంత పాలసీకి రూ.1,500 వేసుకుంటే మొత్తం రూ.29,500 అవుతుంది. అంటే నెలకు రూ.9,500 లోటు. ఆదాయం నిలకడగా ఉండదు కాబట్టి తొమ్మిది నెలల ఖర్చు, అంటే రూ.2,65,500, అత్యవసర నిధిగా పక్కన పెడితే మీ డిపాజిట్లలో మిగిలే రూ.94,500 పది నెలలకు కూడా చాలదు. ఇప్పుడు నెలకు మిగులుతున్న రూ.12,000ను ఎనిమిది నెలలు దాచగలిగితే అదే లోటును ఇరవై నెలలు తట్టుకోగలరు.

ఆగడానికి మరో కారణం గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సంస్థ ఒకేసారి ఇచ్చే మొత్తం. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థలో ఐదేళ్లు పూర్తిచేసిన వారికి అది హక్కు. మీ మూల వేతనం రూ.21,000 అనుకుంటే సుమారు రూ.60,000 వస్తుంది. ఆరు నెలల దూరంలో ఉన్న ఆ మొత్తాన్ని వదులుకోవద్దు. పీఎఫ్ మాత్రం వెనక్కి తీసుకోకండి, అలాగే ఉంచండి.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన విషయం. ఇలాంటి ప్రదర్శనలకు వచ్చే గ్రాంట్లు సాధారణంగా విడతలుగా వస్తాయి. చివరి విడత మాత్రం, ఖర్చుల ధ్రువపత్రం సమర్పించాకే వస్తుంది. ఈలోగా బొమ్మల కోసం మేకతోలు కొన్నవారికి, రాత్రంతా ఆడినవారికి డబ్బు ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి, నిర్వాహకులు మొహమాటంతో సొంత డబ్బు పెట్టేస్తారు. ప్రాజెక్టు డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి; తొలి విడత చేతికందాకే కళాకారులకు తేదీలు ఖరారు చేయండి. బడ్జెట్‌లో పారితోషికం, రవాణా, భోజనాలు రాసి సమన్వయకర్త రుసుమును మరిచిపోయే అలవాటు ఈ రంగంలో ఉంది. మీ రుసుమును విడిగా, మొదటి చిత్తుప్రతిలోనే రాయండి. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి రూ.50,000 దాటిన వృత్తి రుసుముపై 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) కోస్తారు. మీ ఆదాయానికి పన్ను పడకపోయినా, రిటర్ను వేసి వాపసు వచ్చేదాకా ఆ సొమ్ము మీది కాదనుకోండి.

సొంతంగా ట్రస్టు పెట్టే ఆలోచన ఉంటే ప్రస్తుతానికి వాయిదా వేయండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం సంప్రదాయ కళలకు కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు ఇవ్వవచ్చు కానీ అవి వ్యక్తులకు కాక, ఆదాయపు పన్ను చట్టం కింద సేవా సంస్థగా నమోదు, ఈ నిధులు తీసుకోవడానికి కావలసిన సీఎస్‌ఆర్-1 నమోదు ఉన్న సంస్థలకు వెళతాయి. ఆ నమోదులు ఉన్న సంస్థతో లిఖిత ఒప్పందం చేసుకోవడమే మీకు చౌక.

మరొక్క మాట. ధర్మవరానికి హైదరాబాద్ కన్నా బెంగళూరు చాలా దగ్గర. ఈ ఎనిమిది నెలల్లో అక్కడి పాఠశాలలను, సాంస్కృతిక కేంద్రాలను కలిసి, కనీసం రెండు ప్రదర్శనలకైనా మీ రుసుముతో సహా ఒప్పందం రాయించుకున్న తర్వాతే రాజీనామా లేఖ ఇవ్వండి.