ముఖానికి తేనె రాసుకోండి, నిమ్మకాయ జోలికి మాత్రం పోకండి

ఇంట్లో చేసుకునే ఫేస్ ప్యాక్‌లో తేనె కలిపితే నిజంగా ఉపయోగం ఉంటుందా, దాంట్లో ఇంకా ఏమేం కలపాలి అని అడిగారు. ఉపయోగం ఉంటుంది. పొడి చర్మానికి తేనెను మించినది నేను చూడలేదు. ఏం కలపాలంటారా, ఏమీ కలపకండి. ముఖ్యంగా నిమ్మరసం.

నిమ్మరసం మీద ఇంత కోపం ఎందుకో తెలియాలంటే మా అక్క కూతురి సంగతి చెప్పాలి. వాళ్లు విశాఖలో ఉంటారు. దాని నిశ్చితార్థం మే నెలలో పెట్టుకున్నారు. దానికి వారం ముందు ఆ పిల్ల ఏదో వీడియో చూసి తేనెలో నిమ్మకాయ పిండి, పంచదార వేసి, ముఖానికీ మెడకీ పట్టించి గట్టిగా రుద్దింది. పైపైన కడుక్కుని మిట్టమధ్యాహ్నం స్కూటీ వేసుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లి, అట్నుంచి టైలర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చింది. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడు సాయంత్రం మంట మొదలైంది. ఆ మర్నాడు చూస్తే దవడ కింద నుంచి మెడ మీదుగా ఎర్రటి చారలు. రసం ఎక్కడ కారిందో అక్కడే, గీత గీసినట్టు. ఒకచోట నీటి పొక్కులు కూడా లేచాయి. తర్వాత ఎరుపు తగ్గి ఆ చారలన్నీ గోధుమ రంగుకి తిరిగాయి. నిశ్చితార్థం నాడు మేకప్ అమ్మాయి ఎంత పూసినా మెడ మీద ఆ చార కనపడుతూనే ఉంది. "పిన్నీ, ఫొటోల్లో తెలుస్తోందా?" అని మాటిమాటికీ నా దగ్గరికి వచ్చి అడుగుతుంటే దాని టెన్షన్ చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "తేనె వేడి చేసింది." చర్మం డాక్టరు గారు మాత్రం చూడగానే "నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లావా అమ్మా?" అని అడిగారు. నిమ్మజాతి కాయల రసంలో, తొక్కలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అక్కడ చర్మం కాలుతుంది. ఒకటి రెండు రోజులు గడిస్తే గాని బయటపడదు కాబట్టి దేనివల్ల వచ్చిందో ఎవరికీ తట్టదు. ఆ మచ్చ పోవడానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. పైగా విదేశీ వీడియోల్లో వాడేది పెద్ద పసుపు పచ్చ లెమన్. మన చిన్న నిమ్మకాయ అది కాదు, లైమ్ జాతిది. ఈ పేచీ లైమ్‌తోనే ఎక్కువ. ఇక పంచదార పలుకులతో రుద్ది చర్మాన్ని ముందే గీకి పెట్టుకుంది. ఇందులో తేనె చేసిన తప్పేమిటో నాకు అర్థం కాదు.

తేనె తేమను పట్టి ఉంచుతుంది. మంచి తేనెలో నీళ్లు 20 శాతానికి మించవు, మిగతాది దాదాపు అంతా చక్కెరలే. అందుకే అందులో సూక్ష్మజీవులు పెద్దగా పెరగలేవు. దానికి కాస్త తడి తగిలితే తేనెటీగలు అందులో కలిపిన ఎంజైమ్ పనిచేసి కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. బాగా వేడి చేస్తే ఆ ఎంజైమ్ పోతుంది, కాబట్టి పొయ్యి మీద పెట్టకండి. ముఖం కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే అర చెంచా తేనె పల్చగా రాసి, పావుగంట ఉంచి గోరువెచ్చటి నీళ్లతో కడిగేయండి. అంతే. ఏదో ఒకటి కలపకపోతే మీకు తోచదంటే శనగపిండో, గడ్డ పెరుగో కలుపుకోండి. రంగు తెల్లబడుతుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. ఆడపిల్లల రంగు మీద పడి ఏడ్చే ఈ చిట్కాలంటేనే నాకు చిరాకు.

కలిపింది నిలవ పెట్టవద్దు. తేనె ఏళ్ల తరబడి పాడవదు కదా అని రోజ్ వాటర్, కలబంద గుజ్జు కలిపి సీసాల్లో పోసి అమ్ముతున్నారు. నీళ్లు చేరాక అది తేనెలా నిలవ ఉండదు, పులుస్తుంది. మూత తీయగానే నురగ, పుల్లటి వాసన వస్తుంటే దాన్నే "సహజం" అంటారు!

అసలు తేనె దొరకడమే కష్టమైపోయింది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పర్యావరణ సంస్థ వాళ్లు 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించి వివరాలు బయటపెట్టారు. అన్ని పరీక్షలూ నెగ్గినవి 3 బ్రాండ్లే. గ్లాసు నీళ్లలో చుక్క వేస్తే తెలుస్తుందనే మాట వదిలేయండి, చిక్కటి పాకం కూడా అలాగే అడుగుకి దిగుతుంది. బకెట్‌లో పైన తేనెపట్టు ముక్క పెట్టి వీధిలో అమ్మే వాళ్ల దగ్గర నేను కొనను. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) దుకాణంలో కొంటాను. అది చలికాలంలో అడుగున పేరుకుంటే కల్తీ అనుకుని పారబోసే వాళ్లున్నారు. తేనె పేరుకోవడం మామూలే. సీసాను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే కరుగుతుంది.

తేనె తగిలితే వెంట్రుకలు తెల్లబడతాయని మా వైపు పెద్దవాళ్లు భయపెడతారు. నేను ఏళ్ల తరబడి నుదురంతా, కనుబొమల మీద కూడా రాస్తున్నాను. ఒక్క కనుబొమ వెంట్రుక నెరవలేదు.

పుప్పొడి పడని వాళ్లూ, తేనెటీగ కుడితే ఒళ్లంతా వాచే వాళ్లూ ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి, ఒక రోజు ఆగి చూడండి. చీము పట్టిన పెద్ద మొటిమలుంటే తేనెతో కాలక్షేపం చేయకుండా డాక్టరుకి చూపించండి.