గ్రూపు నడవదంటే సబ్జెక్టు మార్చుకోవాలా?

నకిరేకల్ నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. దోస్త్‌లో, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో, ఊళ్లోనే ఉన్న చిన్న ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ సీటొచ్చింది. తీరా వెళ్తే ఆరుగురే చేరారు, గ్రూపు నడవదు, డేటా సైన్స్‌లోకి మారండి అంటున్నారట. రెండింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పమని అడిగారు.

పోలుస్తాను గానీ, ముందు ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. మీరు రాసినదాంట్లో పక్కింటబ్బాయి ప్యాకేజీ రెండుసార్లు వచ్చింది. అమ్మాయికి కెమిస్ట్రీ లెక్చరర్ కావాలని ఉందన్న సంగతి చివర్లో అరలైను. చదివేది ఎవరండీ?

లెక్చరర్ కావాలంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయాలి. దానికి సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాయాలన్నా డిగ్రీలో కెమిస్ట్రీ ఉండాలి. ఇప్పుడు వదిలేస్తే మూడేళ్ల తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. కాలేజీ వాళ్లకు అది సెక్షన్ లెక్క, మీ అమ్మాయికి బతుకు లెక్క.

డేటా సైన్స్ చెడ్డదని నేననను. చెప్పేవాళ్లుంటే మంచి కోర్సే. కానీ ఈమధ్య పేరు బాగుందని బోర్డు మీద రాసేసుకుంటున్న కాలేజీలు చూస్తుంటే నాకు అనుమానమే. ఒకచోట ల్యాబ్ చూపించమని అడిగితే తాళంచెవి వెతకడానికే పావుగంట పట్టింది, లోపల సిస్టమ్‌ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. అందుకే అంటున్నా, స్టాటిస్టిక్స్ ఎవరు చెప్తారో, ఆయన వారానికి ఎన్ని రోజులొస్తారో అడగండి, టైమ్‌టేబుల్ కాగితం మీద చూపించమనండి. నసిగితే లేచి వచ్చేయండి. కాలేజీలో దొరకని సబ్జెక్టులు కేంద్రం నడిపే ‘స్వయం’ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చని కూడా చెప్తారు, యూనివర్సిటీ ఒప్పుకుంటే క్రెడిట్లు కలుస్తాయి, నిజమే, కానీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిపెట్ పట్టుకోవడం ఫోన్లో రాదు కదా.

అసలు మీ భయం కోర్సు గురించి కాదు, ఈ గ్రూపు కోసం అమ్మాయిని నల్గొండ కాలేజీకి పంపాలా అన్నది. ఇది చాలామంది తండ్రులు అడిగేదే, ఎవరూ నేరుగా అడగరు. దాదాపు పాతిక కిలోమీటర్ల దూరం. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్టు డబ్బుల్లేవు, ఆధార్ చూపిస్తే చాలు. పొద్దున బస్సుల్లో ఎంతమంది పిల్లలు ఎక్కుతున్నారో ఒకరోజు బస్టాండులో నిలబడి చూడండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇంట్రా కాలేజీ స్లైడింగ్‌లో అదే కాలేజీలో గ్రూపు మారగలం తప్ప వేరే కాలేజీకి వెళ్లలేం. అందుకని తర్వాతి విడతలోనే వెబ్ ఆప్షన్లు మళ్లీ పెట్టాలి. నాగార్జున ప్రభుత్వ కళాశాల, మహిళా డిగ్రీ కాలేజీ, ఇంకా నల్గొండలో ఈ గ్రూపు నిజంగా నడిచే కాలేజీలు ముందు పెట్టండి. కొత్త సీటొస్తే పాతది పోతుంది, కాబట్టి వెళ్లాలనుకోని కాలేజీని ఊరికే నింపకండి. ఈసారి ఆప్షన్లు అమ్మాయినే పెట్టనివ్వండి. మీరు పక్కనుంటే చాలు.