రేస్ బుక్‌లో ఎటు చూసినా నార్తర్న్ డాన్సరే

పందెపు గుర్రాల వంశావళి గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికిపైగా ఒకే గుర్రం చుట్టూ తిరిగాయి. అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఏ గుర్రం వంశావళి తీసినా ఎక్కడో ఒకచోట నార్తర్న్ డాన్సర్ పేరు ఉంటోంది. అంత గొప్పగా పరుగెత్తిందా? (మలక్‌పేట, హైదరాబాద్)

పరుగెత్తింది. అయితే ఆ పేరు అన్ని చోట్లా కనబడటానికి కారణం పరుగు కాదు, సంతానం. ముందు పరుగు సంగతి చూద్దాం.

కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని ఒషావాలో 1961 మే 27న పుట్టింది. తండ్రి నియార్క్టిక్, తల్లి నటాల్మా, యజమాని ఇ.పి. టేలర్. ఉత్తరార్ధగోళంలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరిగినట్టు లెక్క. ఫిబ్రవరిలో పుట్టినదీ, మే చివర పుట్టినదీ ఒకే వయసు గుర్రాలుగా పోటీ పడాలి. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు ఆ మూడు నెలల తేడా ఒంట్లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. టేలర్ దీన్ని 25,000 డాలర్లకు అమ్మకానికి పెడితే పొట్టిగా, గుండ్రంగా ఉందని కొనడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. చేసేదిలేక తనే ఉంచుకున్నారు.

మొత్తం 18 రేసులు: 14 గెలుపులు, 2 రెండో స్థానాలు, 2 మూడో స్థానాలు. మొదటి మూడు స్థానాల బయటికి ఒక్కసారీ పోలేదు. 1964లో ఫ్లమింగో, ఫ్లోరిడా డెర్బీ, బ్లూ గ్రాస్ రేసులు వరుసగా గెలిచి అమెరికాలోని కెంటకీ డెర్బీకి వచ్చింది. అంతకుముందు స్వారీ చేసిన జాకీ షూమేకర్ డెర్బీకి హిల్ రైజ్ అనే గుర్రాన్ని ఎంచుకుంటే, నార్తర్న్ డాన్సర్ మీదికి బిల్ హార్టాక్ ఎక్కాడు. మైలుంపావు దూరాన్ని సరిగ్గా 2 నిమిషాల్లో ముగించి, హిల్ రైజ్‌ను మెడ తేడాతో ఓడించింది. కెనడాలో పుట్టిన గుర్రం ఆ డెర్బీ గెలవడం అదే మొదలు. ఆ 2 నిమిషాల రికార్డు 1973లో సెక్రటేరియట్ అనే గుర్రం వచ్చేదాకా చెక్కుచెదరలేదు. తర్వాత ప్రీక్‌నెస్ కూడా గెలిచింది. మైలున్నర బెల్మాంట్‌లో మాత్రం మూడో స్థానంతో సరిపెట్టుకుంది. చివరి రేసు స్వదేశంలో క్వీన్స్ ప్లేట్. అందులో ఏడు లెంగ్తులకుపైగా (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో నెగ్గింది.

ప్రశ్న: గిట్ట పగిలినా పరుగెత్తిందనీ, తర్వాత కాలి నరం దెబ్బతిని ఆగిపోయిందనీ చదివాను. మొదటిది మానింది, రెండోది ఎందుకు మానలేదు? (కాకినాడ)

ముందుగా ఒక సవరణ. దెబ్బతిన్నది నరం కాదు, స్నాయువు. అంటే టెండన్.

గిట్ట పగులు రెండేళ్ల వయసులో వచ్చింది. గిట్ట పక్కభాగంలో, వెంట్రుకలు మొదలయ్యే అంచు నుంచి కిందికి నిలువుగా చీలుతుంది. అడుగు పడ్డ ప్రతిసారీ ఆ చీలిక తెరుచుకుని లోపలి మెత్తని కండను నొక్కుతుంది. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి పగులు పూర్తిగా కిందికి దిగిపోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా చీలిక కదలకుండా పట్టి ఉంచాలి. నార్తర్న్ డాన్సర్‌కు కాలిఫోర్నియా నుంచి బిల్ బేన్ అనే లాడాల నిపుణుణ్ని పిలిపించి, వేడితో అతుక్కునే రబ్బరు లాంటి పట్టీ వేయించారు. ఇప్పుడైతే సన్న తీగతో కుట్టి, పైన యాక్రిలిక్ పూస్తున్నారు. పద్ధతి ఏదైనా లోపల చీము, తడి లేవని తేలాకే మూయాలి. తొందరపడి మూస్తే చీము బయటికి దారిలేక పైఅంచు దగ్గర చిమ్ముకొస్తుంది. కుంటు అప్పుడు రెట్టింపవుతుంది.

స్నాయువు సంగతి వేరు. ముందరి కాలి వెనకవైపు, మోకాలి కింద రెండు స్నాయువులుంటాయి. వాటిలో చర్మానికి దగ్గరగా ఉన్నది పూర్తి వేగంలో తెగే హద్దు దాకా సాగుతుంది. లోపలి పోగులు కొన్ని తెగితే వాచి, పక్కనుంచి చూస్తే విల్లులా వంగినట్టుంటుంది. క్వీన్స్ ప్లేట్ తర్వాత జరిగింది ఇదే. మొదటి రెండు మూడు రోజులు 20 నిమిషాల చొప్పున రోజుకు చాలాసార్లు చల్లటి నీటి ధార పట్టాలి, వాపు తగ్గే మందు ఇవ్వాలి, కట్టు కట్టాలి, కొట్టంలోంచి కదలనివ్వకూడదు. స్కాన్ మరుసటి రోజే తీయించి నిశ్చింతగా ఉండకండి. గాయం మొదటి వారం లోపల పెరుగుతూనే ఉంటుంది కనుక వారం తర్వాత తీసిందే నమ్మదగినది. ఆపైన చేత్తో నడిపించడంతో మొదలుపెట్టి మళ్లీ పరుగు దాకా తేవడానికి 9 నుంచి 12 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఇంత చేసినా అక్కడ ఏర్పడేది పాత స్నాయువు కాదు. అతుకు కణజాలానికి సాగే గుణం తక్కువ కాబట్టి అతుకు పక్కనే మళ్లీ తెగే ప్రమాదం ఉంటుంది. డెర్బీ గెలిచిన గుర్రాన్ని మళ్లీ ఆ గండంలోకి నెట్టడం కన్నా స్టడ్‌కు, అంటే సంతానం కోసం గుర్రాలను ఉంచే చోటికి, పంపడమే తెలివైన పని. ఆడగుర్రాన్ని దాటేటప్పుడు (జతకట్టేటప్పుడు) బరువంతా వెనక కాళ్ల మీదే ఉంటుంది గనుక ముందరి స్నాయువు లోపం అడ్డం రాదు. దిగేటప్పుడు కింద నేల మెత్తగా ఉండేలా చూసుకుంటే చాలు.

ప్రశ్న: పొట్టి గుర్రానికి పొట్టి పిల్లలే పుట్టవా? (విజయనగరం)

దాని ఎత్తు 15.2 హ్యాండ్లు. ఇది దశాంశం కాదు, 15 హ్యాండ్ల మీద 2 అంగుళాలు. హ్యాండ్‌కు 4 అంగుళాల చొప్పున 62 అంగుళాలు, అంటే సుమారు 157 సెంటీమీటర్లు. కానీ ఫ్లేమింగ్ పేజ్ అనే గుర్రానికి దీని వల్ల 1967లో పుట్టిన నిజిన్‌స్కీ 16 హ్యాండ్లు దాటిన భారీ గుర్రం. ఎత్తులో తల్లి వాటా తక్కువేమీ కాదు.

ప్రశ్న: ఒక్కసారి దాటించడానికి పది లక్షల డాలర్లు తీసుకున్నారట. నిజమేనా? ఆ డబ్బు తిరిగొచ్చేదా? (విజయవాడ)

1965లో మొదలైనప్పుడు ఫీజు 10,000 డాలర్లు. అది రేసు పేరుకు ఇచ్చిన ధర. స్టాలియన్‌గా, అంటే సంతానం కోసం ఉంచే మగగుర్రంగా, అసలు విలువ తేలడానికి ఎంతకాలం పట్టిందో లెక్క చూడండి: 1965లో దాటింపు, 1966లో తొలి పిల్లలు, అవి రేసులకు దిగింది 1968. తొలి విడత పిల్ల వైస్‌రీగల్ ఆ ఏడాదే కెనడా మేటి గుర్రమైంది. రెండో విడతలోని నిజిన్‌స్కీని ఐర్లాండ్ ట్రైనర్ విన్సెంట్ ఓబ్రయన్ సలహాతో 84,000 డాలర్లకు కొన్నారు. అది 1970లో ఇంగ్లండ్ ట్రిపుల్ క్రౌన్ (మూడు పెద్ద రేసులు) గెలిచింది. అంటే అయిదేళ్లు. ఈ మధ్యకాలంలో స్టాలియన్ యజమానికి ఆదాయమంతా ఆశ మీద వచ్చేదే. చాలా స్టాలియన్లు మూడు నాలుగేళ్లకే జారిపోతాయి. తొలి పిల్లల మోజు తీరిపోయి, అవి పరుగుపందెంలో ఏం చేస్తాయో ఇంకా తేలని ఏడాదుల్లో దాటించడానికి ఆడగుర్రాలు దొరకవు.

1970లో దీన్ని 32 వాటాలుగా, వాటా 75,000 డాలర్లకు అమ్మారు. మొత్తం 24 లక్షల డాలర్లు. ఒక వాటా ఉంటే ఏటా ఒక ఆడగుర్రాన్ని దాటించుకునే హక్కు ఉంటుంది. ఆ ఏడాది అవసరం లేకపోతే హక్కును ఇంకొకరికి అమ్ముకోవచ్చు. పది లక్షల ధర పలికింది 1980ల మధ్యలో, ఇలా చేతులు మారిన హక్కులకే.

మీరు చూడాల్సింది అంకె కన్నా షరతు. మామూలుగా ఫీజు ‘లైవ్ ఫోల్’ ఒప్పందం మీద ఉంటుంది. పిల్ల పుట్టి, లేచి నిలబడి, పాలు తాగితేనే డబ్బు నిలుస్తుంది, లేకపోతే వాపసు. నార్తర్న్ డాన్సర్ హక్కులకు ఆ హామీ లేదు. చూడి కట్టినా కట్టకపోయినా డబ్బు పోయినట్టే. అప్పటికి దాని వయసు 23, 24. సంతానశక్తి తగ్గే వయసు, పెరిగిన గిరాకీ.

తిరిగొచ్చిందా అంటే, అమ్మినవాళ్లకు వచ్చింది. 1983లో కెంటకీలోని కీన్‌లాండ్ వేలంలో దీని ఏడాది పిల్ల ఒకటి 1.02 కోట్ల డాలర్లకు పోయింది. దాని పేరు స్నాఫీ డాన్సర్. అది ఒక్క రేసూ పరుగెత్తలేదు. స్టడ్‌కు పంపితే సంతానశక్తి దాదాపు లేదని తేలింది. నాలుగే పిల్లలు పుట్టాయి. వంశావళిని మాత్రమే చూసి డబ్బు పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఖరీదైన ఉదాహరణ దొరకదు.

ప్రశ్న: పశువులకు ఇంజెక్షన్ వేసినట్టు గుర్రాలకూ కృత్రిమ గర్భధారణ చేస్తే సరిపోదా? అసలు స్టడ్‌లో దాటింపు ఎలా చేస్తారు? (పశువైద్య విద్యార్థి, తిరుపతి)

వేరే జాతుల గుర్రాలకు చేస్తారు. పందెపు గుర్రాల జాతి అయిన థరోబ్రెడ్‌కు కుదరదు. సహజంగా దాటి, చూడి కట్టిన తల్లి గర్భంలోనే పెరిగిన పిల్లనే స్టడ్ బుక్‌లో (జాతి వంశావళి రిజిస్టరులో) రాస్తారు. పిండ మార్పిడికీ క్లోనింగ్‌కూ అదే నిషేధం.

ఆడగుర్రం ఎద చక్రం 21 రోజులు. అందులో ఎద 5 నుంచి 7 రోజులు. పగలు పెరిగే కాలంలోనే ఎదకు వస్తుంది. త్వరగా రావాలంటే డిసెంబర్ నుంచే కొట్టంలో దీపాలు వేసి, పగటితో కలిపి రోజుకు 16 గంటల వెలుతురు ఇస్తారు. ఎదలో ఉందో లేదో చూడటానికి టీజర్ అనే వేరే మగగుర్రాన్ని గోడ అవతల నిలబెడతారు. తన్నేది ఏదైనా ఉంటే ఆ దెబ్బ టీజర్‌కే, ఖరీదైన స్టాలియన్‌కు కాదు. తర్వాత స్కాన్. అండాశయంలో ఫాలికల్ (అండం ఉండే తిత్తి) 35 మిల్లీమీటర్లు దాటి గర్భాశయం గోడకు నీరు పట్టినట్టు కనబడితే అండం విడుదల చేయించే హెచ్‌సీజీ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తారు. 36 నుంచి 48 గంటల్లో అండం విడుదలవుతుంది. దాటింపు అంతకు ముందే జరగాలి. వీర్యకణాలు రెండు రోజులు నిలుస్తాయి, అండం మాత్రం విడుదలయ్యాక కొన్ని గంటలే పనికొస్తుంది. ఆలస్యమైతే చూడి కట్టే అవకాశం తగ్గుతుంది.

షెడ్డులో ఆడగుర్రం తోకకు గుడ్డ చుట్టి, వెనకభాగం కడిగి తుడిచి, వెనక గిట్టలకు మందపాటి బూట్లు తొడుగుతారు. మొండిదైతే పై పెదవికి ట్విచ్ (కదలకుండా పట్టి ఉంచే సాధనం) బిగిస్తారు. స్టాలియన్ అంగాన్ని గోరువెచ్చని మంచినీళ్లతోనే కడగాలి. రోజూ యాంటిసెప్టిక్ సబ్బు వాడితే హాని చేయని సూక్ష్మజీవులు పోయి, సూడోమోనాస్, క్లెబ్సియెల్లా లాంటివి తిష్ట వేస్తాయి. అక్కడినుంచి ప్రతి ఆడగుర్రానికీ అంటుకుంటాయి. రెండు గుర్రాలనూ పట్టుకునేవాళ్లు ఒకే వైపు, ఎడమవైపు నిలబడాలి. ఏదైనా తేడా వస్తే రెండు తలలనూ తమవైపు లాగితే వెనక కాళ్లు అవతలికి పోతాయి. ఎదురెదురుగా నిలబడ్డవాళ్లే తన్నులు తింటారు. పొట్టి స్టాలియన్ అయితే ఆడగుర్రాన్ని కాస్త పల్లంలో నిలబెడతారు.

పని పూర్తయిందనడానికి గుర్తు స్టాలియన్ తోక కిందికీ పైకీ కొట్టుకోవడం. అదొక్కటే నమ్మకుండా దిగగానే కారే చుక్కను సేకరించి మైక్రోస్కోప్ కింద చూస్తారు. 14 నుంచి 16వ రోజు మధ్య స్కాన్ తప్పనిసరి, ముఖ్యంగా కవలల కోసం. గుర్రం కవలలను నెలలు నిండేదాకా మోయడం అరుదు. ఎక్కువగా రెండూ పోతాయి. 16వ రోజు లోపలైతే పిండాలు ఇంకా గర్భాశయంలో కదులుతూ ఉంటాయి కాబట్టి ఒకదాన్ని పక్కకు జరిపి నలిపేయవచ్చు. తర్వాత రెండూ పక్కపక్కనే అతుక్కుంటే ఒకదాన్ని తాకకుండా ఇంకోదాన్ని తీయలేరు. 28వ రోజుకు గుండె చప్పుడు చూస్తారు. ఈనడానికి సుమారు 340 రోజులు.

ప్రశ్న: ముసలితనంలో ఎక్కడుంది? (ఒంగోలు)

1968 చివర్లో ఒషావా నుంచి అమెరికాలోని మేరీలాండ్‌కు మార్చారు. 1987 ఏప్రిల్‌లో సీజన్ మధ్యలోనే దాటింపు ఆపేశారు. 1990 నవంబర్ 16న కడుపునొప్పితో చనిపోయింది. ఒషావాలో పూడ్చారు.

ప్రశ్న: వంశావళిలో ‘3×4 నార్తర్న్ డాన్సర్’ అని రాసి ఉంటే అర్థమేమిటి? దగ్గర రక్తం కలవడం ప్రమాదం కాదా? ‘నార్తర్న్ డాన్సర్ లైన్’ అని చెప్పి గుర్రంలో వాటాకు ఎక్కువ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా? (విశాఖపట్నం)

మొదటి అంకె తండ్రివైపు ఎన్నో తరం, రెండోది తల్లివైపు. ఫ్రాంకెల్ అనే గుర్రాన్ని చూడండి. దాని తండ్రి గెలీలియో, దాని తండ్రి శాడ్లర్స్ వెల్స్, దాని తండ్రి నార్తర్న్ డాన్సర్: మూడో తరం. తల్లి కైండ్, దాని తండ్రి డేన్‌హిల్, దాని తండ్రి డాన్‌జిగ్, ఆపైన నార్తర్న్ డాన్సర్: నాలుగో తరం. అందుకే 3×4. ఆ రెండు అంకెలూ కూడి ఒకటి తీసేయండి, ఆరు వస్తుంది. సగాన్ని ఆరుసార్లు గుణిస్తే 1.56 శాతం. ఒకే పూర్వీకుడి నుంచి ఒక జన్యువు రెండువైపులా ఒకేలా దిగే అవకాశం అంత. 3×3 అయితే 3.1 శాతం. డేన్‌హిల్‌లో నార్తర్న్ డాన్సర్ తల్లి నటాల్మా 3×3గా ఉంది. అది ప్రపంచంలోని గొప్ప స్టాలియన్లలో ఒకటైంది.

అంకెలు చిన్నవే కదా అని ధైర్యపడొద్దు. ఈ లెక్క ఒక్క పూర్వీకుడికే. ఇవాళ్టి గుర్రంలో నార్తర్న్ డాన్సర్ అయిదారు చోట్ల ఉండవచ్చు, ప్రతి జంట దారికీ విడిగా లెక్క కట్టి కూడాలి. వెనక తరాల్లో ఇలా పోగుపడ్డదే అసలు సమస్య. శాడ్లర్స్ వెల్స్ బ్రిటన్, ఐర్లాండ్‌లలో 14 సార్లు, గెలీలియో 12 సార్లు మేటి సైర్‌గా (తండ్రి గుర్రంగా) నిలిచాయి. నార్తర్న్ డాన్సర్ కొడుకులు డాన్‌జిగ్, నురేయెవ్, లిఫార్డ్ శాఖలూ అంతే విస్తరించాయి. మన దేశానికి నార్తర్న్ డాన్సర్ కొడుకు రజీన్ వచ్చింది. 1990 ఎప్సమ్ డెర్బీలో ఫేవరెట్‌గా దిగి ఓడిన గుర్రం అది. ఇక్కడ ఉషా స్టడ్‌లో మాత్రం ఎన్నో ఏళ్లు మేటి సైర్. హైదరాబాద్‌లో పరుగెత్తే గుర్రాల వంశావళిలో ఆ పేరు తరచూ కనబడేది అందుకే.

ఇక వాటా ధర. అయిదో తరంలో ఒకచోట ఉన్న పూర్వీకుడి వంతు 32లో 1, ఆరో తరంలో 64లో 1. పక్క కొట్టంలో గుర్రానికీ అదే పూర్వీకుడు ఉన్నప్పుడు దానికి అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. తల్లి ఎన్ని పిల్లల్ని ఈనింది, వాటిలో ఎన్ని రేసుకు దిగాయి, ఎన్ని గెలిచాయి, ఎంత దూరంలో గెలిచాయి అని అడగండి. ముందరి కాళ్ల ఎక్స్‌రేలు, రెండు స్నాయువుల స్కాన్, మైక్రోచిప్ నంబరు పాస్‌పోర్టుతో సరిపోలడం చూడండి. అమ్మేవాడు ఇవి చూపించడానికి వెనకాడి మళ్లీ నార్తర్న్ డాన్సర్ పేరే ఎత్తితే బేరం వదిలేయండి.