లెక్క ఆయనకూ తెలియాలి

ప్రశ్న: మాది నెల్లూరు. ఇరవై ఏళ్లుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. మూత్రపిండాలు పాడై మావారికి రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఫ్యాక్టరీలో స్టోర్సు చూసే ఉద్యోగం మానేశారు. నా కుట్టుపనే ఆధారం. గాజులు తాకట్టు పెట్టిన సంగతి ఆయనకు చెప్పలేదు. మొన్న నేను కొలిచి ఇచ్చినవి కాక మరో గ్లాసు నీళ్లు తాగబోతుంటే లాక్కుని నోటికొచ్చినట్టు అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊళ్లో స్థలం అమ్మేయమంటారా?
– ఒక సోదరి, చెన్నై

జవాబు: అమ్మా, గ్లాసు లాక్కున్నందుకు మీరు కుమిలిపోనవసరం లేదు. మూత్రపిండాలు పనిచేయనప్పుడు తాగిన నీరు ఒంట్లోనే నిలిచి ఆయాసం తెస్తుందన్న భయమే మీ చేత ఆ పని చేయించింది. కానీ మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు, ఆ కోపంలో నీళ్లతోపాటు గాజులు కూడా ఉన్నాయనిపించింది. జబ్బు మనిషికి డబ్బు సంగతులు చెప్పకూడదన్న మన ఇళ్ల మర్యాద నాలుగు రోజుల జ్వరానికి సరిపోతుందేమో గానీ, ఏళ్లు సాగే జబ్బులో అది ఇంటి యజమానిని ఇంట్లోనే పరాయివాణ్ణి చేస్తుంది.

వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 పూటలు. యంత్రం మీద ఉండేది సుమారు నాలుగు గంటలే అయినా, రాకపోకలు కలిపితే ఆ పూటంతా మీ కుట్టుమిషను మూలన పడి ఉంటుంది. ఆస్పత్రి బిల్లులో కనిపించని ఈ నష్టాన్ని, ఆటో ఖర్చును, తాకట్టు వడ్డీని ఒక పుస్తకంలోకి ఎక్కించి, ఆ పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి. స్టోర్సు లెక్కలు రాసిన మనిషికి అది చేతనైన పని.

స్థలం ఇప్పుడే అమ్మకండి. మూత్రపిండ మార్పిడికి ఆయన ఆరోగ్యం అనుకూలిస్తుందో లేదో ముందు మూత్రపిండాల వైద్యుణ్ణి (నెఫ్రాలజిస్టును) అడగండి. అనుకూలిస్తే ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాలి, ఆపైన మందులు ఆపకుండా వాడాలి. ఈలోగా మరో దారి ఉంది: కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 రూపాయలు దాటకపోతే తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమాకు రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రంతో దరఖాస్తు చేసుకోవచ్చు. జీతం పోయాక కూడా పాత ఆదాయమే మనసులో ఉండి చాలామంది అడగనే అడగరు. మీ నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు; ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

గాజుల విషయం డయాలసిస్ అయిన సాయంత్రం ఎత్తకండి, ఆ నీరసంలో ప్రతి మాటా నిష్ఠూరంగానే వినిపిస్తుంది. మర్నాడు ఉదయం, మిషను ముందు కూర్చోకముందే, తాకట్టు రసీదు ఆయన చేతిలో పెట్టి చెప్పండి.